నవ్వు ఆపుకోవద్దు

దగ్గినా తుమ్మినా నాలుగు చుక్కలు జారిపోతున్నాయని నలభై అయిదు దాటిన ఆడవాళ్లు పక్కింటి స్నేహితురాలికి కూడా చెప్పుకోరు. ధైర్యం చేసి చెప్పినా ‘వయసు కదా’ అన్న జవాబే వస్తుంది. దీనికి రూపాయి ఖర్చులేని వ్యాయామం ఉంది. అది పనిచేస్తుందని ఏనాడో తేలిపోయింది. కరువైనదల్లా దాన్ని సరిగ్గా నేర్పే మనిషే.

పెళ్లికి వెళ్తే ముందుగా చూసుకునేది బాత్రూం ఏ మూలన ఉందో. కట్టుకునేది ముదురు రంగు చీరే. తిరుమల కంపార్ట్‌మెంటులో ఎన్ని గంటలు కూర్చోవాల్సి వస్తుందో తెలియదు కాబట్టి ముందురోజు నుంచే మంచినీళ్లు తగ్గించేస్తారు. ఆర్టీసీ బస్సులో కిటికీ పక్క సీటు వద్దంటారు, మధ్యలో దిగాల్సొస్తే ఇంకొకరిని లేపాలి. అమెరికాలో కొడుకు దగ్గరికి బయల్దేరిన తల్లికి అన్ని గంటల విమాన ప్రయాణం కన్నా లేచి నడవాల్సిన ఆ సందే పెద్ద బెంగ. మనవడు తాడాట ఆడదాం రమ్మంటే మోకాళ్ల నొప్పులని తప్పించుకుంటుంది. మోకాళ్లు నిక్షేపంగా ఉంటాయి.

మోకాళ్ల నొప్పి చెప్పుకోవచ్చు. షుగరు, బీపీ, థైరాయిడ్ అయితే నలుగురిలో కూర్చుని లెక్కలు పోల్చుకోవచ్చు. మూత్రం ఆగడం లేదన్న మాట మాత్రం కూతురితో కూడా అనరు. ఎప్పుడైనా ఏ ఫంక్షన్లోనో నవ్వీ నవ్వీ కడుపు పట్టుకుని లోపలికి పరుగెత్తిన వదినగారు తిరిగొచ్చి ‘నాకీమధ్య ఇదొకటి పట్టుకుందమ్మా’ అంటే, అక్కడున్న అయిదుగురిలో ముగ్గురు ‘నాకూ అంతే వదినా’ అంటారు. మళ్లీ ఎవరి నాప్కిన్లు వాళ్లు కొనుక్కుంటారు. ముట్లు ఆగిపోయాక నాప్కిన్ల ఖర్చు తప్పిందని సంబరపడాల్సిన వయసులో ఆ ప్యాకెట్టు నెలంతా అవసరమవడం విచిత్రమే.

ఈ సమస్యతో డాక్టరు దాకా వెళ్లేవాళ్లు తక్కువ. వెళ్లినవాళ్లకు దొరికేది తరచుగా ఒక మాత్ర, ఒక యూరిన్ టెస్టు, చివర్లో ‘కీగెల్ ఎక్సర్‌సైజులు చేసుకోండమ్మా’ అనే అర నిమిషం సలహా. ఆవిడ ఇంటికొచ్చి యూట్యూబ్‌లో వెతికి, వారంపాటు ఏదో బిగించి, తేడా తెలియక మానేస్తుంది. వ్యాయామం పనిచేయలేదని అనుకుంటుంది. అసలు ఆ వ్యాయామం చేయనేలేదని ఆమెకు చెప్పేవాళ్లెవరు?

సడలింది ఎక్కడ?

మూత్రాశయం, గర్భసంచి, మలాశయం, ఈ మూడింటినీ కిందినుంచి మోసే కండరాల పొర ఒకటుంది. పొత్తికడుపు కింద చేతికి తగిలే ముందు ఎముక నుంచి వెనక వెన్ను చివరి ఎముక దాకా, ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా పరుచుకుని ఉంటుంది. డాక్టర్లు పెల్విక్ ఫ్లోర్ అంటారు, మనం కటి కండరాలు అనుకుందాం. నులక మంచాన్ని తలుచుకుంటే ఇది సులువుగా అర్థమవుతుంది. నులక బిగువుగా ఉన్నంతకాలం ఎంత బరువు పడ్డా మంచం కుంగదు. వాడగా వాడగా సడలుతుంది. సడలిందని మంచాన్ని ఎవరూ పారేయరు, కాళ్లవైపు తాడు లాగి మళ్లీ బిగిస్తారు.

మూత్రనాళం, యోని, మలద్వారం ఈ పొరలోంచే బయటికి వస్తాయి. మగవాళ్లలో మూత్రనాళం 20 సెంటీమీటర్ల దాకా ఉంటే ఆడవాళ్లలో నాలుగే. అంత చిన్న దారిని మూసి ఉంచడానికి రెండు ఏర్పాట్లున్నాయి. ఒకటి ఈ కండరాల పట్టు. రెండోది నాళం లోపలి పొర మెత్తగా, రక్తప్రసరణతో ఉబ్బి ఒకదానికొకటి అంటుకుని ఉండటం. ఆ మెత్తదనాన్ని నిలబెట్టేది ఈస్ట్రోజన్. ముట్లు ఆగిపోయే దశలో, అంటే మెనోపాజ్‌లో, ఆ హార్మోను పడిపోతుంది, లోపలి పొర పలచబడుతుంది, యోని పొడిబారుతుంది, మంట, మాటిమాటికీ ఇన్ఫెక్షన్లు మొదలవుతాయి. పాశ్చాత్య దేశాల్లో ఈ దశ సగటున 51 ఏళ్లకు వస్తే మన దేశంలో 46, 47కే వచ్చేస్తోంది. పిల్లల పెళ్లిళ్లు, ఉద్యోగంలో ప్రమోషన్లు, అత్తమామల సేవ, అన్నీ మీదపడి ఉండే వయసది.

అయితే నేరమంతా మెనోపాజ్ మీద వేయడం అన్యాయం. అంతకు ముందే జరిగినవి చాలా ఉంటాయి. ఇరవయ్యో ఏటో ఇరవై రెండో ఏటో అయిన కాన్పులో ఈ కండరం మామూలుకన్నా ఎంతో సాగి ఉంటుంది. కాన్పయ్యాక బాలింతకు పత్యం, తలకు గుడ్డ, చెవుల్లో దూది అన్నీ చూశారు, ఈ కండరం సంగతి ఎవరూ చూడలేదు. ఆ తర్వాత ఏళ్లతరబడి కట్టెల పొయ్యి పొగ, దాంతో దగ్గు. బిందెలు, బస్తాలు, గ్యాసుబండలు. మలబద్ధకంతో రోజూ ముక్కడం. పెరిగిన బరువు. వయసులో ఉండగా వీటన్నిటినీ ఎలాగోలా కాచుకొచ్చిన పొర, హార్మోను తోడు తప్పుకునేసరికి చేతులెత్తేస్తుంది.

తెలుగు రాష్ట్రాల్లో దీనికి ఇంకొకటి కలిసింది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తమ్మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. తెల్లబట్ట అవుతోందనీ, నెలసరి ఎక్కువగా ఉందనీ, ‘పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకది’ అనీ ముప్పై అయిదేళ్లకే పెద్దాపరేషన్ చేయించుకున్నవాళ్లు మన ఊళ్లలో ఇంటికొకరన్నట్టు కనిపిస్తారు. అండాశయాలు కూడా తీసేస్తే మెనోపాజ్ ఆ రోజే వచ్చేసినట్టు. స్వీడన్‌లో లక్షల మంది ఆడవాళ్ల రికార్డులు పోల్చి 2007లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన అధ్యయనంలో, గర్భసంచి తీయించుకున్నవాళ్లకు తర్వాతి కాలంలో మూత్రం లీకేజీకి ఆపరేషన్ అవసరమయ్యే ముప్పు రెండు రెట్లకు పైగా కనిపించింది. కొందరికి ఆ ఆపరేషన్ తప్పనిసరే, కాదనలేం. కానీ చేయించుకునే ముందు ఈ మాట చెప్పినవాళ్లు ఎందరున్నారు?

బీపీ మాత్రల వంతు కూడా ఉంది. రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటివి కొందరికి వదలని పొడిదగ్గు తెస్తాయి. దగ్గిన ప్రతిసారీ చుక్క. నీరు లాగే మాత్రలు మూత్రాశయాన్ని తొందరగా నింపుతాయి. మాత్రలు సొంతంగా మానేయకండి. మార్చవచ్చేమో, వేళ మార్చవచ్చేమో డాక్టర్ని అడగండి.

ఒకటి ఒత్తిడి, ఇంకొకటి తొందర

దగ్గు, తుమ్ము, నవ్వు, బరువెత్తడం, మెట్లు దిగడం, వీటితో జారేది ఒక రకం. పొట్టలో ఒత్తిడి కిందికి తన్నిన క్షణంలో కండరం బిగుసుకోలేకపోతే జరిగేది ఇది. రెండో రకం వేరు. ఇంటి తాళం తీస్తుండగానే, కుళాయి చప్పుడు వినగానే ఒక్కసారిగా తొందర పుట్టుకొస్తుంది, బాత్రూం గడప దాటేలోపే అయిపోతుంది. ఇక్కడ మూత్రాశయం గోడలోని కండరమే వేళ కాని వేళ బిగుసుకుంటోంది. మామూలుగా మూత్రాశయం 400 నుంచి 500 మిల్లీలీటర్లు పట్టుకుంటుంది. 150, 200 దగ్గర తొలి కబురు పంపుతుంది, ఆ కబురు రాగానే పరుగెత్తాల్సిన పనిలేదు. మెనోపాజ్ వయసులో చాలామందికి రెండు రకాలూ కలగలిసి ఉంటాయి.

మీది ఏ రకమో తెలుసుకోవడానికి స్కానింగు కన్నా ఒక నోటుబుక్కు మేలు. మూడు రోజులపాటు ఎప్పుడు ఏం తాగారు, ఎప్పుడు వెళ్లారు, ఎప్పుడు జారింది, అప్పుడేం చేస్తున్నారు అని రాసిపెట్టండి. డాక్టరు దగ్గరికి ఆ కాగితం తీసుకెళ్తే సగం సంభాషణ అయిపోయినట్టే. నోటితో చెప్పడానికి సిగ్గుపడేవాళ్లకు ఇది ఇంకా సుఖం.

కీగెల్ చేసిందేమిటి, మనకు మిగిలిందేమిటి

ఈ వ్యాయామాలకు పేరు తెచ్చినవాడు ఆర్నాల్డ్ కీగెల్ అనే అమెరికన్ గైనకాలజిస్టు. 1948లో ఆయన తన అనుభవాన్ని వైద్య పత్రికలో ప్రకటించాడు. అంతకు పన్నెండేళ్ల ముందే, 1936లో, బ్రిటన్‌లో నాట్యకళాకారిణి మార్గరెట్ మోరిస్ బాలింతల కోసం రాసిన పుస్తకంలో ఈ కండరాల వ్యాయామం ఉంది. పేరు మాత్రం డాక్టరుగారికే దక్కింది. మన హఠయోగంలో మూలబంధం అని నేర్పేది కూడా దీనికి దగ్గర చుట్టమే. యోగా సాధన ఉన్నవాళ్లు ఈ బిగింపును తొందరగా పట్టేస్తారు.

కీగెల్ పద్ధతిలో మనం మరిచిపోయిన భాగం ఒకటుంది. ఆయన రోగి చేతిలో కరపత్రం పెట్టి పంపలేదు. ముందు వేలితో పరీక్షించి కండరం ఎక్కడ, ఎంత బిగుసుకుంటోందో చూశాడు. యోనిలో ఉంచే పెరీనియోమీటర్ అనే పరికరం తయారుచేసి, బిగించినప్పుడు ముల్లు ఎంత లేచిందో ఆమెకే కనిపించేలా చేశాడు. అది రోజూ చేసే సాధన. బలం పెరిగేకొద్దీ మోతాదు పెంచేవాడు. కాలక్రమంలో పరీక్ష పోయింది, కొలత పోయింది, ‘బిగించి వదలండి’ అన్న వాక్యం ఒక్కటే మిగిలింది.

ఆ వాక్యం చాలదని 1991లో అమెరికాలోనే తేలింది. నోటిమాటగా చెప్పి చేయమంటే, 47 మంది ఆడవాళ్లలో సరిగ్గా చేసినవాళ్లు సగం మంది కూడా లేరు. పావు వంతు మంది అసలు లీకేజీ ఇంకా పెరిగే తీరులో, పైకి లాగాల్సింది పోయి కిందికి ముక్కుతున్నారు. మన ఆసుపత్రుల్లో అర నిమిషం సలహాతో ఇంటికి పంపుతున్నవాళ్లలోనూ ఇలా ముక్కుతున్నవాళ్లు ఉండే ఉంటారు.

అలాగని ఖరీదైన యంత్రాలు కావాలా అంటే, వద్దు. స్కాట్లాండ్, ఇంగ్లండ్‌లలో 600 మంది ఆడవాళ్లతో జరిపి 2020లో ప్రచురించిన పరీక్షలో, వ్యాయామం దగ్గరుండి నేర్పినవాళ్లకూ, దానితోపాటు బిగింపును కొలిచి చూపే బయోఫీడ్‌బ్యాక్ పరికరం కూడా ఇచ్చినవాళ్లకూ రెండేళ్ల తర్వాత చెప్పుకోదగ్గ తేడా లేదు. తెలిసిన చేతులతో నేర్పితే వ్యాయామం ఒక్కటే చాలింది.

సరిగ్గా చేయడం ఇలా

ముందు కండరాన్ని పట్టుకోవాలి. పడుకుని మోకాళ్లు మడవండి. నలుగురిలో ఉన్నప్పుడు అపానవాయువు వచ్చేలా ఉంటే వెనక ఎలా బిగబడతామో అలా బిగించండి. ఆ బిగింపును అలాగే ముందుకు, మూత్రద్వారం దాకా తెచ్చి, రెంటినీ కలిపి లోపలికి, పైకి లాగండి. లోపల ఏదో లేచినట్టు తెలియాలి. వదిలినప్పుడు దిగినట్టు కూడా అంతే స్పష్టంగా తెలియాలి. వదలడం తెలియకపోతే బిగించడం సగమే వచ్చినట్టు.

సందేహం ఉంటే చిన్న అద్దం పట్టుకుని చూసుకోండి. సరిగ్గా చేస్తే మలద్వారానికీ యోనికీ మధ్య భాగం లోపలికి పోతుంది. బయటికి ఉబ్బుతోందంటే మీరు ముక్కుతున్నారు, వెంటనే ఆపేయండి. శుభ్రంగా కడుక్కున్న వేలిని యోనిలో ఉంచి చూస్తే చుట్టూ బిగుసుకుని పైకి లాగినట్టు తెలుస్తుంది. ఇదంతా చదువుతుంటే మొహమాటంగా ఉందా? మన ఒంట్లో మనకు అంతగా తెలియని చోటు ఇదొక్కటే కావడమే ఈ సమస్య ఇంతకాలం దాగడానికి కారణం.

మూత్రం పోస్తూ మధ్యలో ఆపి సాధన చేయమని కొందరు చెబుతారు. కండరం ఏదో పోల్చుకోవడానికి ఎప్పుడో ఒకసారి చూస్తే ఫర్వాలేదు. దాన్నే రోజువారీ వ్యాయామంగా పెట్టుకోవద్దు. మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాకుండా అలవాటు పడుతుంది.

ఎక్కువమంది చేసే పొరపాట్లు నాలుగు. ఊపిరి బిగబట్టడం. పిరుదులు నొక్కడం. తొడలు దగ్గరికి తీసుకోవడం. పొట్టను గట్టిగా లోపలికి పీల్చడం. ఒక చెయ్యి పొట్ట మీద, ఇంకొకటి పిరుదు మీద పెట్టుకుంటే దొంగ కండరాలు దొరికిపోతాయి. బిగించి ఉంచి ఒకటి, రెండు, మూడు అని పైకే లెక్కపెట్టండి. మాట వస్తోందంటే ఊపిరి ఆడుతున్నట్టే. పక్కన కూర్చున్నవాళ్లకు మీరు ఏం చేస్తున్నారో తెలియనంత నిశ్శబ్దంగా ఉండాలి ఈ వ్యాయామం.

మోతాదు విషయంలో బ్రిటన్ ఆరోగ్య సంస్థ నైస్ చెప్పేది సులువుగా గుర్తుంటుంది. ఒక్కో విడతకు కనీసం 8 బిగింపులు, రోజుకు 3 విడతలు, కనీసం 3 నెలలు, అదీ తెలిసినవారి పర్యవేక్షణలో. మొదట్లో మూడు సెకన్లు పట్టుకోగలిగితే అదే చాలు. మూడు సెకన్లు బిగింపు, అంతే సేపు విశ్రాంతి. వారాలు గడిచేకొద్దీ అయిదు, ఏడు, పది సెకన్ల దాకా వెళ్లండి. ప్రతి విడత చివర్లో గబగబా బిగించి వదిలేవి ఓ పది చేయండి. నెమ్మదిగా చేసేవి రోజంతా మోసే ఓపిక ఇస్తాయి, గబగబా చేసేవి తుమ్ముకు అందుకునే చురుకు ఇస్తాయి. పడుకుని చేయడం వచ్చాక కూర్చుని, అది వచ్చాక నిలబడి. చుక్కలు జారేది నిలబడి ఉన్నప్పుడే కాబట్టి అక్కడిదాకా రాకపోతే ప్రయోజనం తక్కువ.

ఎప్పుడు చేయాలన్నది ఎవరి వీలు వాళ్లది. పొద్దున పళ్లు తోముకున్నాక, మధ్యాహ్నం కుక్కరు మూడో కూత కోసం ఎదురుచూస్తూ, రాత్రి సీరియల్లో యాడ్స్ వస్తున్నప్పుడు అని దేనికో ఒకదానికి ముడివేసుకుంటే మరిచిపోరు. నాట్లు వేసే పనికో, ఉపాధి పనికో, బట్టల షాపులో రోజంతా నిలబడే పనికో వెళ్లేవాళ్లకు నిద్రలేచినప్పుడు, పడుకోబోయే ముందు పక్క మీదే చేసుకోవడం కుదురుతుంది. ఒకరోజు మానితే మర్నాడు రెట్టింపు చేయడం మాత్రం వద్దు. ఇదీ కండరమే, అలిసిపోతుంది. అలిసిన సాయంత్రం చుక్కలు ఇంకొంచెం ఎక్కువ జారి, ‘చేస్తే పెరిగిందేమిటి’ అని భయపడతారు.

తుమ్ముకు ముందు

నన్నడిగితే ఈ కథనం మొత్తంలో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఇది. తుమ్ము వస్తోందని తెలిసిన క్షణంలో, దగ్గే ముందు, బిందె ఎత్తే ముందు, కుర్చీలోంచి లేచే ముందు, కండరాన్ని బిగించి ఉంచండి. పని అయ్యాక వదలండి. బలం పెరగడానికి నెలలు పడుతుంది, ఈ కిటుకుకు రోజులు చాలు. 1998లో అమెరికాలో సగటున 68 ఏళ్లున్న 27 మంది ఆడవాళ్లకు ఇది నేర్పి వారం తర్వాత చూశారు. మోస్తరు దగ్గుతో జారేది సగటున 98 శాతం, గట్టి దగ్గుతో జారేది 73 శాతం తగ్గింది. వారంలో కండరం బలిసిపోదు. ఉన్న బలాన్ని వేళకు వాడుకోవడం వచ్చింది, అంతే.

తొందర పుట్టేవాళ్లకు ఇదే కండరం ఇంకోలా పనికొస్తుంది. తొందర రాగానే పరుగెత్తకండి. పరుగు ఆ తొందరను పెంచుతుంది. ఉన్నచోటే ఆగండి, వీలైతే కూర్చోండి. అయిదారుసార్లు గబగబా బిగించి వదలండి. కటి కండరం బిగుసుకుంటే మూత్రాశయానికి శాంతించమని కబురు వెళ్తుంది. తొందర అలలా తగ్గాక మామూలు నడకతో వెళ్లండి. దీనికి తోడు వెళ్లే వ్యవధిని కొద్దికొద్దిగా పెంచుకోవాలి. గంటకోసారి వెళ్తుంటే గంటంపావు ఆగండి, అది అలవాటయ్యాక గంటన్నర. ఈ సాధన కనీసం ఆరు వారాలు సాగాలి.

బయల్దేరే ముందు ‘ఎందుకైనా మంచిది’ అని ప్రతిసారీ వెళ్లి రావడం వల్ల మూత్రాశయం కొద్దికే అలారం కొట్టడం నేర్చుకుంటుంది. బస్టాండు టాయిలెట్లో సీటు తగలకుండా గాల్లో వంగి నిలబడితే కండరాలు వదులవ్వవు, మూత్రం మిగిలిపోతుంది. దీనికి ఆడవాళ్లను తప్పుపట్టలేం. కూర్చోగలిగిన టాయిలెట్ కట్టి, కడిగించి ఉంచనివాళ్లది తప్పు. నీళ్లు మానేయడం మాత్రం ఏ రకంగానూ పనికిరాదు. చిక్కబడ్డ మూత్రం మూత్రాశయాన్ని ఇంకా రెచ్చగొడుతుంది, ఇన్ఫెక్షన్, మలబద్ధకం అదనం. తగ్గించాల్సింది టీ, కాఫీ. రోజుకు అయిదారు కప్పులు తాగేవాళ్లు రెండుకు తెచ్చుకుంటే తొందర తగ్గడం వాళ్లకే తెలుస్తుంది.

ఎంతవరకు నమ్మొచ్చు?

14 దేశాల్లో 1,817 మంది ఆడవాళ్లతో జరిగిన 31 పరీక్షలను కలిపి కొక్రేన్ సంస్థ 2018లో సమీక్షించింది. ఒత్తిడితో జారే రకంలో వ్యాయామం చేసినవాళ్లలో 56 శాతం మంది నయమైందని చెప్పారు. చేయనివాళ్లలో అలా చెప్పింది 6 శాతం. అన్ని రకాలూ కలిపి చూస్తే 35 శాతానికి 6 శాతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పెద్దవయసువారి సంరక్షణకు ఇచ్చిన మార్గదర్శకాల్లో మూత్రం ఆగని ఆడవాళ్లకు ఈ వ్యాయామాలే సిఫార్సు చేసింది. బరువు ఎక్కువున్నవాళ్లకు ఇంకో కబురు. అమెరికాలో 338 మందితో జరిగి 2009లో వెలువడిన పరీక్షలో, ఒంటి బరువులో 8 శాతం తగ్గినవాళ్లకు వారంలో జారే సందర్భాలు 47 శాతం తగ్గాయి. డెబ్బై కిలోలున్న మనిషికి 8 శాతమంటే అయిదున్నర కిలోలు. సన్నబడాల్సిన పనిలేదు, ఆ అయిదున్నర చాలు.

అందరికీ ఇదే మందు కాదు. కొందరిలో ఈ కండరాలు సడలి ఉండవు, అసలు వదులవ్వకుండా బిగుసుకుపోయి ఉంటాయి. కలయికలో నొప్పి, పొత్తికడుపులో నొప్పి, మూత్రం ధార మొదలవడానికి ఆలస్యం, ఇవి దానికి గుర్తులు. వాళ్లు ఇంకా బిగిస్తే బాధ పెరుగుతుంది, ముందు వదలడం నేర్చుకోవాలి. మూత్రంలో రక్తం, మంటతో జ్వరం, యోని దగ్గర ఏదో జారినట్టు చేతికి తగలడం, రాత్రింబవళ్లు తెరిపి లేకుండా కారడం, ఉన్నట్టుండి కాళ్లలో తిమ్మిరితోపాటు మూత్రం పట్టు తప్పడం, అసలు మూత్రమే రాకపోవడం, వీటిలో ఏది కనిపించినా వ్యాయామం సంగతి పక్కనపెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఉన్నట్టుండి మొదలైతే షుగరు కూడా చూపించుకోవాలి.

పొడిబారడం, మంట, తొందర ఉన్నవాళ్లకు యోనిలో రాసుకునే తక్కువ మోతాదు ఈస్ట్రోజన్ క్రీము మేలు చేస్తుంది. మింగే హార్మోను మాత్రలు వేరు, అవి లీకేజీని పెంచే అవకాశం ఉందని అమెరికాలో జరిగిన పెద్ద పరీక్షలో బయటపడింది. రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్లు క్రీము వాడే ముందు కూడా తమ క్యాన్సర్ డాక్టర్ని అడగాలి. తొందర రకానికి మాత్రలున్నాయి, జారిన అవయవాన్ని నిలబెట్టే పెసరీ అనే రింగు ఉంది, చివరికి ఆపరేషనూ ఉంది. ఇన్‌స్టాగ్రామ్‌లో కనిపించే ‘ఒక్క సిట్టింగ్‌లో యవ్వనం’ లేజర్ ప్రకటనల జోలికి మాత్రం వెళ్లొద్దంటాను. వీటివల్ల కాలిన గాయాలు, మచ్చలు, నొప్పి రావచ్చనీ, మూత్రం సమస్యలకు పనిచేస్తాయని తామెప్పుడూ అనుమతి ఇవ్వలేదనీ అమెరికా ఎఫ్‌డీఏ 2018లోనే హెచ్చరించింది.

నేర్పేదెవరు?

ఫ్రాన్స్‌లో కాన్పయిన తల్లికి కటి కండరాల శిక్షణ ఖర్చును ప్రభుత్వ ఆరోగ్య బీమానే భరిస్తుంది. మంత్రసానులు, ఫిజియోథెరపిస్టులు పక్కన కూర్చుని నేర్పుతారు. మన దగ్గర ఫిజియోథెరపీ కాలేజీలకు కొదవలేదు, ఏటా పట్టా పుచ్చుకుని బయటికొచ్చేవాళ్లలో అమ్మాయిలే ఎక్కువగా కనిపిస్తారు. వాళ్లలో ఎక్కువమంది మోకాళ్లు, మెడలు, పక్షవాతం వైపు వెళ్తున్నారు. ఈ పని నేర్చినవాళ్లు హైదరాబాద్, విశాఖ, విజయవాడ లాంటి నగరాల్లో దొరుకుతారు, మండల కేంద్రంలో దొరకడం కష్టం. గైనకాలజీ విభాగం పక్క గదిలో వారానికి రెండు పూటలు ఒక మహిళా ఫిజియోథెరపిస్టును కూర్చోబెట్టడానికి కొత్త భవనాలు అక్కర్లేదు.

ఇంకొకటి ఇంతకన్నా సులువు. ముప్పై దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగరు, నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలంటూ ఆశా, ఏఎన్‌ఎం ఇంటింటికీ తిరుగుతున్నారు. ఆ ఫారంలో ‘దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు మూత్రం జారుతోందా?’ అన్న ఒక ప్రశ్న చేర్చాలి. అడిగేవాళ్లుంటే చెప్పడానికి ఆడవాళ్లు సిద్ధంగానే ఉంటారు. అలాగే కాన్పయ్యాక ఇంటికి పంపేటప్పుడు బిడ్డకు టీకాల కార్డుతోపాటు తల్లికి ఈ బిగింపు ఒకసారి చూపించి పంపాలి. యాభయ్యో ఏట నాప్కిన్ల ఖర్చు ఇరవై అయిదో ఏటే తప్పుతుంది.

ప్రభుత్వం మేల్కొనేదాకా మీరు ఆగనక్కర్లేదు. వచ్చేసారి బీపీ మాత్రలకో, థైరాయిడ్ చెకప్‌కో వెళ్లినప్పుడు లేవబోయే ముందు ఈ ఒక్క మాట చెప్పండి: ‘డాక్టరుగారూ, దగ్గితే మూత్రం జారుతోంది. నేను సరిగ్గా బిగిస్తున్నానో లేదో పరీక్షించి చెప్పండి, లేదా నేర్పేవాళ్ల దగ్గరికి పంపండి.’ కాగితం మీద ‘కీగెల్’ అని రాసిస్తే మాత్రం తీసుకుని లేచి రావొద్దు. చేసి చూపించమనండి.